మామూలు రివాల్వర్, పోటీ రివాల్వర్

నందిగామ, జగ్గయ్యపేట మెరక పొలాల్లో అరక లాగే ఒంగోలు జతకూ, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లలో బండ లాగే జతకూ తేడా ఏమిటో అక్కడి రైతుకు ఒకరు చెప్పనక్కర్లేదు. జాతి ఒకటే, సాకుడు వేరు. నల్ల తుపాకీ మందుతో పేలే పాత రివాల్వర్ల నకళ్లలో మామూలు రకానికీ పోటీ రకానికీ ఉన్న తేడా కూడా అంతే. మూతి నుంచి మందు దట్టించే తుపాకీ మన చట్టానికీ ఎరుకే. పంట కాపాడుకునే రైతుకు దాని లైసెన్సు ఇవ్వడం గురించి 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ ప్రత్యేకంగా చెబుతుంది. ఈ రివాల్వర్లదీ ఆ కోవే. కాకపోతే మందును తిరిగే సిలిండర్‌లోని గదుల్లో ముందువైపు నుంచి పోస్తారు.

అసలువి 19వ శతాబ్దానివి. శామ్యూల్ కోల్ట్ 1836లో అమెరికాలో పేటెంటు తీసుకున్నాడు. ఆయన నేవీ మోడల్ 1851లో వచ్చింది. అదీ, రెమింగ్టన్ కంపెనీదీ అమెరికా అంతర్యుద్ధంలో బాగా నడిచాయి. ఇప్పుడు దొరికే నకళ్లు చాలావరకు ఇటలీలో బ్రెషా దగ్గర ఉబెర్టి, పియెట్టా వంటి కంపెనీలు చేసేవే.

గదిలో గ్రామున్నరకు మించని తుపాకీ మందు, దాని మీద రవ్వ, ఆపైన మెత్తటి సీసపు గుండు: గురి పోటీకి నింపే పద్ధతి ఇది. రవ్వ ఎందుకంటారా? మందు తక్కువైతే గుండు గదిలో లోతుకు దిగిపోయి, గొట్టం దాకా ఎక్కువ దూరం గెంతాల్సి వస్తుంది. రవ్వ ఆ ఖాళీని నింపి గుండును అంచుకు తెస్తుంది. ఉప్మాకు పనికొచ్చేదానికి ఇదొక ఉద్యోగం! గుండు గది కన్నా వెంట్రుకవాసి పెద్దదిగా ఉండాలి. మీటతో దట్టించినప్పుడు దాని చుట్టూ సీసం సన్నటి ఉంగరంలా తెగి రావాలి. రాలేదంటే గుండు వదులుగా కూర్చున్నట్టే. పైన కొవ్వు పూస్తే మసి గట్టిపడదు, ఒక గది నిప్పు పక్క గదికి పాకే ప్రమాదమూ తగ్గుతుంది.

మామూలు నకలుకు చిక్కు ఇక్కడే వస్తుంది. చాలా వాటిలో గది వ్యాసం, గొట్టంలోని మెలి గాడుల అడుగు వ్యాసం కన్నా ఇంచుమించు 0.1 మిల్లీమీటరు తక్కువ. గదిలో చెక్కుడుపడి చిన్నదైన గుండు గొట్టంలోకి వచ్చేసరికి వదులు. మెలి దాన్ని సరిగా పట్టదు, దెబ్బలు అట్ట మీద చెదిరిపోతాయి. పోటీ రకంలో గదులన్నిటినీ గొట్టానికి సరిపడా ఒకే కొలతకు తొలుస్తారు. ప్రతి గదీ గొట్టానికి సూటిగా వచ్చి ఆగేలా సిలిండర్‌ను దిద్దుతారు. ట్రిగ్గర్ ఈడ్వకుండా తేలిగ్గా విడిపోయేలా నునుపు చేస్తారు. ఇవేవీ పైకి కనిపించవు, ధర మాత్రం కనిపిస్తుంది.

మోడల్ ఎంపికలోనూ తేడా ఉంది. కోల్ట్‌లో వెనక గురి గాడి సుత్తి మీదే ఉంటుంది, సిలిండర్ పైన చట్రం ఉండదు. రెమింగ్టన్‌కు పైన ఉక్కు పట్టీ ఉంది, గురి గాడి దాని మీదే కదలకుండా ఉంటుంది. అందుకే పోటీదారులు ఎక్కువగా అటే మొగ్గుతారు. ఇంకా మొండి పట్టున్నవాళ్లు రోజర్స్ అండ్ స్పెన్సర్ వైపు వెళతారు. అమెరికా సైన్యానికి దాదాపు 5,000 రోజర్స్ రివాల్వర్లు 1865లో అందాయి, అప్పటికి యుద్ధం ముగింపుకొచ్చింది. 1901లో వాటిని తుక్కు కింద అమ్మేశారు. యుద్ధం ఎరగని ఆ రివాల్వర్‌కు, ఎయిర్ గన్‌లకు పేరుపడ్డ జర్మనీ కంపెనీ ఫైన్‌వెర్క్‌బౌ పోటీ నకలు చేసింది.

ప్రపంచ పోటీలు నడిపే అంతర్జాతీయ మజిల్ లోడింగ్ కమిటీ నియమాల్లో నాకు నచ్చేది పట్టుదల. 25 మీటర్ల దూరం, 30 నిమిషాలు, 13 గుళ్లు. వాటిలో మేలైన 10 లెక్కకు వస్తాయి. నకలు పాత మోడల్ రూపం దాటకూడదు. అందుకే 1972 నుంచి రుగర్ కంపెనీ చేసిన ఓల్డ్ ఆర్మీ ఎంత గట్టిదైనా అక్కడ చెల్లదు. అది ఏ పాతదానికీ నకలు కాదు మరి.

నన్నడిగితే, కొత్తవాడు ఉక్కు చట్రపు మామూలు రెమింగ్టన్ నకలుతో మొదలుపెట్టి, గదులు మాత్రం మంచి పనివాడిచేత తొలిపించుకుంటే చాలు. చౌకని ఇత్తడి చట్రం కొంటే, మందు బరువుగా పోసేకొద్దీ అది వదులవుతుంది. చెయ్యి నిలకడగా నిలిచాకే పోటీ రకానికి డబ్బు పెట్టాలి. ఏ రకమైనా కాల్చిన రోజే సబ్బు వేణ్ణీళ్లతో కడగక తప్పదు. ఈ మందు మసి గాలిలో తేమ పీల్చి, ఖరీదైన గొట్టాన్నైనా తుప్పు పట్టిస్తుంది.