తీగ మీద ఒక్కడేనా?

బాల్కనీలో బట్టలారేస్తూ కిందికి చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయి. మేముండేది మూడో అంతస్తే! అటువంటి నన్ను మొన్న ఆదివారం మా అమ్మాయి బలవంతాన కూచోబెట్టి, 110 అంతస్తుల మేడల మీద తీగ కట్టుకుని నడిచిన మనిషి సినిమా చూపించింది. "చూడమ్మా, బతుకంటే అలా బతకాలి!" అంది. చూశాను. ఆనాటి నించీ ఆ సినిమా నన్ను వదలడం లేదు. అయితే మా అమ్మాయి నేర్చుకోమన్న పాఠం ఒకటి, నాకు వంటబట్టిన పాఠం ఒకటీను.

సినిమా పేరు 'మాన్ ఆన్ వైర్'. 2008లో జేమ్స్ మార్ష్ తీసిన డాక్యుమెంటరీ. 2009లో ఆ తరగతిలో ఆస్కారు కూడా అందుకుంది. ఆ పేరు పోలీసులు కాగితం మీద రాసుకున్న మాట. 'తీగ మీద మనిషి' అని! పాపం, ఆ నేరాన్ని యే పద్దు కింద రాయాలో వాళ్ళకి మాత్రం యెలా తెలుస్తుంది?

ఫిలిప్ పెతీ ఫ్రెంచివాడు. 1968లో పంటినొప్పితో డాక్టరు దగ్గరికి వెళ్ళి, అక్కడున్న పత్రికలో న్యూయార్కులో కట్టబోయే రెండు జంట మేడల బొమ్మ చూశాడు. పెద్దగా తుమ్మినట్టు నటించి, ఆ చప్పుడులో కాగితం చింపుకుని, పంటినొప్పితోనే బయటపడ్డాడు. మేడలింకా లేవలేదు, తీగ మాత్రం ఆ కుర్రాడి మనసులో అప్పుడే బిగిసింది. మధ్యలో 1971లో పారిస్‌లోని నోత్ర్‌దామ్ చర్చి గోపురాల నడుమా, 1973లో సిడ్నీ వంతెన మీదా నడిచాడు. 1974 ఆగస్టు 7 పొద్దున, పాతికేళ్ళు ఇంకా నిండకుండానే, న్యూయార్కులో దాదాపు 1350 అడుగుల యెత్తున తీగ మీద అడుగు పెట్టాడు. ముప్పావు గంట సేపు, ఎనిమిది సార్లు ఇటూ అటూ నడిచాడు. మోకరిల్లాడు, పడుకున్నాడు. రెండు చివర్లా పోలీసులు నిలబడి రమ్మని పిలుస్తూంటే, దగ్గరిదాకా వచ్చి మళ్ళీ వెనక్కి తిరిగాడు!

యెందుకు చేశావయ్యా అని పత్రికలవాళ్ళు అడిగితే, యెందుకూ లేదు పొమ్మన్నాడు. మా అమ్మాయికి తెగ నచ్చిన జవాబు అది.

నాకు నచ్చింది అంతకు ముందు జరిగిన కథ. సాహసం అంటే కళ్ళు మూసుకుని దూకెయ్యడం అనుకుంటాం కదా? ఈ పెతీ ఆరేళ్ళ పైచిలుకు లెక్కలు వేశాడు. ఫ్రాన్సులో ఒక మైదానంలో తీగ కట్టి, గాలికి యెలా వూగుతుందో తెలియాలని స్నేహితుల చేత దాన్ని కుదిపించుకుంటూ నడిచాడు. విలేకరిలా, కూలీలా వేషాలు వేసి మేడ ఆనుపానులు తెలుసుకున్నాడు. ఒకసారి కాలికి మేకు దిగితే చంకలో కర్రలతో వచ్చాడు. కాపలావాళ్ళు అనుమానించడానికి బదులు తలుపులు తీసి పట్టుకున్నారట! కుంటుతూ వచ్చిన వాణ్ణి తీగ మీద నడవబోతున్న మనిషని ఎవరనుకుంటారు?

ఇంతవరకూ దొంగల ముఠా సినిమాలా నవ్వుతూ చూస్తాం. ఆ రాత్రి ఒక మేడ మీంచి స్నేహితుడు విల్లుతో బాణం వేస్తాడు. దాని తోకకి చేపలు పట్టే సన్నదారం. చీకట్లో కనపడని ఆ దారాన్ని ఒంటితో తడిమి పట్టుకోవడానికి రెండో మేడ మీదున్న పెతీ బట్టలన్నీ విప్పేశాట్ట! దారం వెంట తాడు, తాడు వెంట ఇంకా లావు తాడు, చివరికి ఉక్కు తీగ. బరువుకి ఆ తీగ జారి రెండు మేడల మధ్యా వేలాడింది. తెల్లవార్లూ చేతులు పడిపోయేలా పైకి లాగారు.

ఆ బాణం వేసినవాడు జాన్ లూయీ బ్లాందో. తీగ వూగకుండా పక్కల నించి మోకులు కట్టడం దగ్గర్నించి, నువ్వు చచ్చిపోతావురా అని మొహం మీదే చెప్పడం దాకా అన్నీ చేసిన స్నేహితుడు. ఆ నడకని కదిలే బొమ్మగా ఎవరూ తియ్యలేదు. మనం చూసే ఫొటోలు జాన్ లూయీ తీసినవి. వాటిలో ఆకాశం వుంది, తీగ వుంది, పెతీ వున్నాడు. తీసినవాడు మాత్రం లేడు. మూడు పదులేళ్ళు దాటాక, ఆ పొద్దు గురించి చెబుతూ చెబుతూ మాట పెగలక యేడ్చేశాడు. సినిమా అంతటిలోకీ నన్ను కుదిపేసిన చోటు అదే.

ఇంకొకరు ఆనీ. పెతీని ప్రేమించిన అమ్మాయి. ఆ పొద్దున వీధిలో నిలబడి తలెత్తి చూసింది. నీకంటూ ఒక దారి వుందా అని అతను తనని యెన్నడూ అడగలేదనీ, అతని దారే తన దారి కావడం మామూలు విషయమైపోయిందనీ చెబుతుంది. కోపంగా కాదు, సన్నగా నవ్వుతూ! కిందికి దిగగానే పెతీ లోకానికంతకీ కావలసినవాడయ్యాడు. ఆ సంబరంలో ఎవరో అభిమానురాలితో వెళ్ళిపోయాడు. స్నేహం తెగింది, ప్రేమా తెగింది. వెయ్యి అడుగులు దాటిన యెత్తున తూలని మనిషి నేల మీద కాలు పెట్టగానే తూలాడు.

చిన్నప్పుడు మా వూరికి దొమ్మరాటవాళ్ళు వచ్చేవారు. వెదుళ్ళు కత్తెర వేసి, మోకు బిగించి, ఎనిమిదేళ్ళ పిల్లని ఎక్కించేవారు. తండ్రి డప్పు కొడుతూంటే జనమంతా పిల్లని చూసేవారు. తల్లి మాత్రం పిల్ల పాదాల్నే చూసేది. ఆట అయ్యాక అందరూ కలిసి పళ్ళెం పట్టుకు తిరిగేవారు. అది ఆకలి నడక, దానికి అందాలు అతికించను. కానీ మోకు పట్టుకున్నవాళ్ళకీ ఆ పళ్ళెంలో వాటా వుండేది.

ఇంత చెప్పి పెతీని తప్పుపట్టి వూరుకుంటే బాగానే వుండును. కానీ నేను మొదటి సీరియల్ రాస్తున్నప్పుడు యేం జరిగింది? వారం వారం గడువు. చంటిపిల్ల. మా చెల్లెలు వచ్చి యేడాది పాటు వంటా, పిల్లా చూసుకుంది. ఆ యేడు దాని బి.ఎడ్. ప్రవేశపరీక్ష పోయింది. నీకేమైనా పనుందా అని నేనడగలేదు. నవల పుస్తకంగా వచ్చినప్పుడు ముందుమాటలో ఎడిటరుకి, బొమ్మలేసిన ఆయనకి, పాఠక దేవుళ్ళకి కృతజ్ఞతలు చెప్పుకున్నాను. చెల్లెలి పేరు లేదు. నా తీగ మూడడుగుల యెత్తున కూడా లేదు, అయినా దిగాక నేనూ కింద ఎవరున్నారో చూడలేదు.

సినిమాలో లోపాలు లేవా అంటే వున్నాయి. మళ్ళీ నటించి తీసిన ఘట్టాలు కొన్నిచోట్ల హడావిడిగా వున్నాయి. విడిపోవడాల్ని నాలుగు నిముషాల్లో తేల్చేశాడు దర్శకుడు. అయితే ఒక్క నిగ్రహానికి చేతులెత్తి దణ్ణం పెట్టాలి. 2001లో ఆ మేడలు కూలిపోయిన సంగతి యెక్కడా యెత్తలేదు. మనకి తెలుసని ఆయనకి తెలుసు. ఎరిక్ సతీ పియానో మెల్లగా వినిపిస్తూంటే, లేని మేడల మధ్య ఒక మనిషి నవ్వుతూ నడుస్తూంటాడు. గొంతు పట్టేస్తుంది. 2015లో ఇదే కథని జెమెకిస్ 'ది వాక్' పేరుతో నటులతో తీశాడు. కళ్ళు తిరిగే యెత్తు అందులో బాగా చూపించాడు గానీ, జాన్ లూయీ కళ్ళనీళ్ళకి సాటివచ్చే ఘట్టం నాకందులో దొరకలేదు.

పిల్లలకి తప్పకుండా చూపించండి. తీగ ఎక్కొద్దని చెప్పడానికి కాదు. ఎక్కనివ్వండి! నడిచే పాదాలతో పాటు, మోకు లాగి బొబ్బలెక్కిన చేతుల్ని కూడా చూడమని చెప్పండి.

నిన్న రాత్రి చెల్లెలికి ఫోన్ చేసి ఆ యేడాది సంగతి యెత్తాను. కాసేపు పలకలేదు. తరవాత, "ఇన్నాళ్ళకి గుర్తొచ్చిందా అక్కా?" అంది. నేను వెంటనే మాట్లాడలేకపోయాను.

"సరేలే, ఆ సినిమా పేరేమిటో చెప్పు. నాకూ యెత్తంటే భయమే, అయినా చూస్తాను" అంది.