గాలికి కిరాయి

ఇనుప మెట్లంటే బరువు సరుకని ఎవరైనా అనుకుంటారు. అమెరికాలో లారీ కిరాయి లెక్క కట్టేవాళ్ల కంటికి మాత్రం అవి తేలిక సరుకు. మెట్టుకూ మెట్టుకూ మధ్య ఖాళీ, రెయిలింగ్ ఊచల మధ్య ఖాళీ. కొలిస్తే ఇనుముకన్నా గాలే ఎక్కువ. టెక్సాస్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ షాపులో డిస్పాచ్ చూసే నాకు రోజూ పోరు ఆ గాలితోనే.

లారీ నిండా మన సరుకే లేకపోతే పదిమంది సరుకుతో కలిపి పంపాలి. అప్పుడు ధర తేల్చేది ఫ్రైట్ క్లాస్. 50 నుంచి 500 దాకా 18 తరగతులు. సాంద్రత, పేర్చే వీలు, ఎత్తి దించడంలో ఇబ్బంది, దెబ్బతినే ప్రమాదం చూసి తరగతి కడతారు. అంకె పెరిగితే కిరాయీ పెరుగుతుంది. 2025 జులై నుంచి చాలా సరుకులు 13 అంచెల సాంద్రత పట్టిక కిందికి వచ్చాయి.

400 పౌండ్ల స్పైరల్ మెట్లు బిగించినవి బిగించినట్టే పంపితే నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు, పదడుగుల పొడవు. మొత్తం 160 ఘనపుటడుగులు. అడుగుకు రెండున్నర పౌండ్లే. ఆ పట్టికలో అది క్లాస్ 250. విడదీసి, మెట్లను స్టీలు గిన్నెల్లా ఒకదానిలో ఒకటి ఇమిడిస్తే 10 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు పెట్టె చాలు. చెక్కతో కలిపి 480 పౌండ్లు, అంటే ఘనపుటడుగుకు 16. క్లాస్ 70కి దిగుతుంది. బరువు పెరిగి కిరాయి తగ్గడం ఈ వ్యాపారంలోనే చూశాను. మధ్య స్తంభం పొడవును మాత్రం ఏమీ చేయలేం. పొడవు సరుకుకు చాలా కంపెనీలు అదనంగా వసూలు చేస్తాయి.

అలాగని కుక్కేస్తే కుదరదు. ఇనుముకు ఇనుము తగిలితే పౌడర్ కోటింగ్ గీరుకుపోతుంది, కాబట్టి ప్రతి మెట్టు మధ్యా ఫోమ్ వేయాలి. అడుగున ఫోర్క్‌లిఫ్ట్ నాలుకలు దూరేంత ఎత్తులో దుంగలుండాలి; లేకపోతే ఆ నాలుక పెట్టెలోకే దూరుతుంది. బోల్టుల డబ్బా పెట్టె లోపలే బిగించాలి. బయట వేలాడగట్టింది దారిలో ఎక్కడో దిగిపోతుంది.

ఇక సరుకుతో పాటు వెళ్లే కాగితం, బిల్ ఆఫ్ లేడింగ్. ఇంత పని చేసి అందులో ఉత్త 'ఇనుప సామాను' అని రాస్తే పడిన శ్రమంతా వృథా. విడదీసిన మెట్లని, అసలు కొలతలు, అసలు బరువు రాయాలి. చెక్క బరువు దాచినా, ఎత్తు అంగుళం తగ్గించి రాసినా టెర్మినల్‌లోని కొలిచే యంత్రం ఊరుకోదు. తేడా సొమ్ముతో పాటు తనిఖీ రుసుమూ బిల్లులోకి ఎక్కుతుంది. తరగతి తగ్గాలంటే కలం దగ్గర కాదు, పెట్టె దగ్గర కష్టపడాలి. ఆ కష్టాన్ని ఏ యంత్రం ఎన్నిసార్లు కొలిచినా నాకు బెంగ లేదు.