చిమ్మెట అన్న ఒక్క మాట

చిత్తూరు వైపు ఏ గుడ్డకు చిల్లు పడినా "చిమ్మెట కొట్టింది" అనేస్తాం. ఆ ఒక్క మాట చాటున మూడు పురుగులు తప్పించుకు తిరుగుతున్నాయి.

గంజి పెట్టిన నూలు పంచెనూ, పెళ్లినాటి పట్టుచీరనూ పక్కపక్కన పరచండి. పంచె పైపొర గీకినట్టు పలచబడితే అది వెండిరంగు సిల్వర్‌ఫిష్ పని. దాని ఆశంతా గంజి మీదే. చీర మడతలో అడ్డదిడ్డంగా చిల్లులుండి, పక్కన సన్నని దారాల గూడు కనిపిస్తే అది నిజంగా చిమ్మెట పిల్లే. గూడు లేకుండా, నూగున్న ఎండు పొట్టు మాత్రమే రాలి ఉంటే అది కార్పెట్ బీటిల్ పిల్ల. పెరిగేకొద్దీ కుబుసం విడుస్తుంది. ఆ నూగు తగిలితే కొందరికి దద్దుర్లు లేస్తాయి, నల్లి కుట్టిందనుకుంటారు.

మనకు తివాచీలెక్కడివి అనుకోకండి. గొర్రెబొచ్చు గొంగళి, పట్టు, రాలిన జుట్టు, ఈకలు, కిటికీ మూల చచ్చిన ఈగ, జంతువు నుంచి వచ్చినదేదైనా దానికి తిండే. తిరుపతిలో 1939లో టీటీడీ నెలకొల్పిన ప్రాచ్య పరిశోధన సంస్థ తాళపత్రాలకు శత్రువు వేరు. ఆకు చెట్టుది కాబట్టి దాన్ని తొలిచే పురుగు జాతే వేరు.

కార్పెట్ బీటిల్ కుటుంబపు పురుగుల్ని బాగా ఎరిగినవాళ్లు పట్టుపని వాళ్లు. పలమనేరు, కుప్పం వైపు పండే పట్టుగూటిలో దారం వెయ్యి మీటర్ల దాకా తెగకుండా వస్తుంది. లోపలి ప్యూపా కోసం ఈ బీటిల్ జాతి పురుగు గూటిని తొలిస్తే ఇక ఆ దారం తీయలేం. అందుకే గుడ్లు తయారుచేసే గ్రైనేజ్‌లో చిల్లుగూళ్లను, చచ్చిన రెక్కల పట్టుపురుగుల్ని పోగుపడనివ్వకూడదంటారు, కిటికీలకు సన్నజాలీ కొట్టమంటారు. అక్కడ పురుగు తిండినే తీసేస్తారు. మనం బీరువాలో రెండు కలరా ఉండలు పడేసి తలుపేస్తాం. గాలి చొరబడని పెట్టెలో అయితే ఆ ఆవిరికి బలముంటుంది, సందులున్న బీరువాలో అది వాసనగానే మిగులుతుంది. గ్రైనేజ్ పద్ధతే మేలని నా గట్టి నమ్మకం.

చెమటపట్టిన చీరను అలాగే మడవకండి, పురుగు ముందు పట్టేది దాన్నే. వెంటిలేటర్‌లోని పాత పిట్టగూడు తీసేయండి. కిటికీ గట్టు మీద రెండు మూడు మిల్లీమీటర్ల గుండ్రని, మచ్చల పురుగు కనిపిస్తే, పూల పుప్పొడి కోసం వెలుగువైపు ఎగిరిన, ఎదిగిన కార్పెట్ బీటిల్ అదే. దాని పిల్లలు చీకట్లో, బీరువా అడుగున ఉంటాయి.