తప్పెటకు వేదికపై చోటు

కోలారు మండలమున తెలుగు నిన్న మొన్న వచ్చి చేరిన భాష కాదు. ముళబాగిలు, శ్రీనివాసపురము తాలూకాల పల్లెలలో అది తరతరములుగా ఇంటి భాష. 1880లో జాన్ టేలర్ కంపెనీ చేపట్టగా 2001లో మూతపడిన బంగారు గనుల ఊళ్లలో అది తమిళ కన్నడములతో ఒకే వీధిలో కాపురమున్న భాష. ఈ భాష మాటలాడువారిలో తప్పెట వాయించువారును ఉన్నారు. మన సంఘముల సభలలో వారికి లభించుచున్న స్థానమును గూర్చి నాలుగు మాటలు చెప్పుట మా ఉద్దేశము.

తప్పెట అని మనము, పలక అని చిత్తూరు వైపువారు, తమటె అని కన్నడిగులు, పఱై అని తమిళులు పిలుచు ఈ జాతి వాద్యము చూచుటకు సామాన్యమైనది. గుండ్రని చట్రమునకు బిగించిన చర్మము. ఒక చేత పొట్టి లావుపుల్ల, మరియొక చేత పొడవైన సన్నపుల్ల. వాయించుటకు ముందు మంట వేసి చర్మమును కాచవలెను. చెమ్మ వదలి బిగిసినగాని నాదము పలుకదు.

జాతరలో రెండు మూడు ఊళ్ల మేళములు కూడినప్పుడు ఈ మంటయే వారి అసలు సభ. ఒక మేళము వాయించుచుండగా మరియొకటి మంటచుట్టు నిలిచి తప్పెటలు కాచుకొనుచు చెవియొగ్గి వినును. మొదటివారు విడిచిన గతిని రెండవవారు అందుకొందురు. దానికొక దెబ్బ చేర్చి, ఒక అడుగు మార్చి, తిరిగి అప్పగింతురు. ఇందు పోటీ లేకపోలేదు. కాని ఎదుటివాని దెబ్బ విననివాడు ఈ పోటీలో నిలువలేడు.

ఇట్టి కూటములు దూరదేశములందును కలవు. అమెరికాలోని వాషింగ్టన్ నగరమున 1980 ప్రాంతమున బ్యాడ్ బ్రెయిన్స్, మైనర్ థ్రెట్ మొదలగు యువబృందములు హార్డ్‌కోర్ పంక్ అను సంగీతమును నెలకొల్పినవి. నిమిషమో, రెండు నిమిషములో సాగు పాట; అతివేగమైన డ్రమ్ము; కేకవంటి గానము. చిన్న హాళ్లలో ఒకే రాత్రి పలు బృందములు వరుసగా వాయించును. ఒక బృందమువారు తమ వంతు ముగియగానే శ్రోతలలో కలిసి తరువాతివారిని విందురు. ఆ శబ్దము మన చెవికి కఠోరముగా తోచవచ్చును. తప్పెటను కఠోరమన్నవారును మనలో ఉన్నారు గదా! ఆ నాదములోని క్రమము దగ్గర నిలిచి విన్నవానికి తెలియును. దూరమున కూర్చున్నవానికి అది రొద మాత్రమే.

ఇక మన సభల తీరు చూడుడు. వాకిట అతిథులకు ఎదురేగుటకు తప్పెట; లోపల దీపము వెలిగించిన పిమ్మట కీర్తన, హరికథ, నాట్యము. ఆహ్వానపత్రికలో గాయకుని పేరు, మృదంగ విద్వాంసుని పేరు అచ్చగును. మేళమువారి పేర్లుండవు. కచేరీ మొదలగునప్పటికి వారు ఊరిదారి పట్టియుందురు. ఇందు ఎవరికిని దురుద్దేశము లేదందుము. అయినను అలవాటును సైతము విమర్శింపక తప్పదు. చావునకు, చాటింపునకు వాయింపుమని కులము పేరిట మోపబడిన పని ఇది. వాయించినవారిని వాకిటనుండియే పంపివేయుట ఆ పాత ఏర్పాటును కొనసాగించుటయే యగును.

దళితులలో ఈ వాద్యమును విడుచుటయే విముక్తి అన్నవారు కలరు. తలయెత్తి వాయించుటయే విముక్తి అన్నవారును కలరు. తెలుగునాట 1994లో ఆరంభమైన మాదిగ దండోరా ఉద్యమము చాటింపు పేరునే తన పేరుగా గైకొన్నది. 2007లో మన కోలారునుండి వేరుపడిన చిక్కబళ్ళాపుర జిల్లాకు చెందిన పిండిపాపనహళ్ళి మునివెంకటప్పగారు తమటె వాదనమునకు 2023లో పద్మశ్రీ పొందిరి. దేశము గౌరవించిన వాద్యమునకు మన వేదికపై చోటు చాలకుండునా?

వేదిక ఎక్కించినంతమాత్రమున పని తీరదు. ఇటీవల పలువురు చర్మమునకు బదులు ప్లాస్టిక్ పొర బిగించుచున్నారు. వానకు తడవదు, మంట అక్కరలేదు, మోత ఎక్కువ. వాయించువారి శ్రమ తగ్గుట మేలే. కాని మంటతోబాటు దానిచుట్టు నిలిచి వినుటయు పోవుచున్నది. అట్టి తప్పెటను లౌడ్‌స్పీకరు ముందు నిలిపి పది నిమిషములు కేటాయించినచో మిగులునది మోతయే.

కావున మా మనవి ఇది. రాబోవు ఉత్సవమునకు ఒక మేళమును గాక రెండు మేళములను పిలువుదము. ఆవరణలో మంటకు చోటిత్తము. కచేరీల నడుమ వారికొక గంట కేటాయించి, అందరి పేర్లు పత్రికలో అచ్చువేయుదము. వారు వాయించునప్పుడు మృదంగ విద్వాంసుడు ముందువరుసలో కూర్చుండి వినవలెను. ఆయన వంతు వచ్చినప్పుడు అదే వరుసలో మేళమువారు కూర్చుండవలెను.