పాకశాస్త్రమును పెన్నేటి క్షామమును

ఆంధ్రవాఙ్మయమున భోజనవర్ణనము క్రొత్తది కాదు. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని యతిథిపూజ ఋతువున కొకవిధమగు వంటకములతో వర్ణింపబడినది. శ్రీనాథునివని ప్రసిద్ధికెక్కిన చాటువులలో పలనాటి జొన్నకూడు పరిహాసపాత్రమైనది. వరియన్నమునకు గౌరవమును, మెట్టధాన్యమునకు హాస్యమును దక్కుట యిట్లు చిరకాలాగతము. పత్రికాయుగమున వంటను గద్యవిషయముగా నిలిపినవారిలో మాలతీ చందూరుగారు అగ్రగణ్యురాలు. ఈమె కృషికి విలువ గట్టుటకు అనంతపురపు కరవుసీమ యొక యొరగల్లు కాగలదు. ఏలయన, ఈమె వ్రాసిన వారపత్రికకు ఆ సీమవాడే సంపాదకుడై యుండెను.

మాలతీ చందూరుగారు కృష్ణాజిల్లా నూజివీడున జన్మించి, ఎన్. ఆర్. చందూరుగారిని వివాహమాడి, మదరాసున స్థిరపడిరి. ఆకాశవాణిలో ప్రసంగించిరి, కథలు, నవలలు రచించిరి. ‘హృదయనేత్రి’ నవలకు 1992వ సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. ఆంధ్రప్రభ సచిత్ర వారపత్రికలో ‘ప్రమదావనము’ శీర్షికను దశాబ్దములపాటు నడపి, స్త్రీల ప్రశ్నలకు సమాధానము లొసగిరి. ‘వంటలు–పిండివంటలు’ అను గ్రంథము పెక్కు ముద్రణములు పొందినది. 2013వ సంవత్సరమున దివంగతులైరి.

ఈమె పాకరచనయందలి ముఖ్యగుణము కొలత. తల్లి చేతివాటమున మాత్రమే నిలిచియుండిన విద్యను, తల్లికి దూరముగా పట్టణమున కాపురమున్న యువతి చదివి చేసికొనదగిన వాక్యముగా మార్చుట చిన్నపని కాదు. ‘తగినంత’ యను మాట నెఱిగినవారికే యది యర్థమగును. ఎఱుగనివారికి పరిమాణము చెప్పవలెను. ఈ దృష్టితో చూచినచో పాకగ్రంథము కేవలము రుచులపట్టిక గాక విద్యాదానమే యగును. వంటలక్కలకు మాత్రమే సంబంధించినదని దీనిని సాహిత్యచరిత్రకారు లుపేక్షించుట న్యాయము కాదు.

అయినను, కొలతకు ముందు ధాన్యముండవలెను. పాకశాస్త్రము ఇంట గింజలున్నవని యూహించుకొనియే మొదటివాక్యము నారంభించును. ఇది యొక రచయిత్రి దోషము కాదు, ఆ ప్రక్రియకే గల హద్దు. ఈ హద్దు అనంతపురమున స్పష్టముగా కానవచ్చును. పడమటి కనుమల చాటున నుండుటచే నైరృతి ఋతుపవనమును, తీరమునకు దూరమగుటచే ఈశాన్య ఋతుపవనమును ఆ పీఠభూమికి పూర్తిగా నందవు. సగటు వర్షము ఏటికి సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. 1952లో రాయలసీమ కరవున గంజికేంద్రములు నెలకొల్పవలసి వచ్చినది. అచ్చటి రాగిసంగటినే చూడుడు: నూకలుడికించి, రాగిపిండి పోసి, కట్టెతో గెలికి ముద్దచేయుదురు. నూకలెన్ని, పిండియెంత యనునది వండునామె యిచ్ఛను బట్టికాక, ఆయేటి వానను, చేతిలోని రూకను బట్టి యుండును. అనగా నా సీమలో కొలత వేయునది మేఘము.

ఈ సంగతిని చెప్పినవాడు విద్వాన్ విశ్వము. 1915లో అనంతపురము జిల్లా తరిమెలలో జన్మించిన మీసరగండము విశ్వరూపాచారియే యీతడు. ఆంధ్రప్రభ వారపత్రికకు సంపాదకుడై ‘మాణిక్యవీణ’ శీర్షికను నిర్వహించెను. 1956 నాటి ‘పెన్నేటిపాట’లో రంగడు, గంగమ్మ యను దంపతుల బ్రదుకును, ఎండిన పెన్నను కావ్యవస్తువుగా గైకొనెను. శ్రీనాథుని పేరిటి చాటువులందు మెట్టతిండి యెడ నున్న పరిహాస మిందు తొలగిపోయినది. తిండి లేమియే కరుణమునకు మూలమైనది.

కావ్యమును పాకగ్రంథమును పోల్చుట యసమంజసమని కొందఱనవచ్చును. ప్రయోజనములు వేఱనుట నిజమే. కాని రెండును అన్నమునుగూర్చినవే. ఒకే వారపత్రికతో ముడివడిన రెండు కలముల పంటలే. ఒకటి యున్న గింజను వృథాపోనీయక వండు విధమును, రెండవది గింజ లేని యింటి స్థితిని తెలుపుచున్నవి. ఒకదానిని విడిచి వేఱొకదానిని చదివినవానికి తెలుగువారి యన్నచరిత్ర సగమే తెలియును.

ఈ విచారము గతమునకు మాత్రమే చెందినది కాదు. ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున వేరుసెనగ విస్తరించి, కొఱ్ఱ, జొన్న, రాగి పండిన చేలను చాలవఱ కాక్రమించినది. అటుపిమ్మట 2023వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి చిరుధాన్యవర్షముగా ప్రకటించినది. నాడు హాస్యాస్పదమైన కూడు నేడు పట్టణములం దారోగ్యాహారముగా మన్నన పొందుచున్నది. ఆ మన్నన ధాన్యమునకు దక్కి, దానిని పండించి పస్తున్నవానికి దక్కనిచో, పాతపరిహాసము క్రొత్తవేషము ధరించినట్లే యగును. కావున నికమీద అన్నమునుగూర్చి పత్రికలలో వ్రాయువారు మాలతీ చందూరుగారి కొలతను విశ్వముగారి కరుణతో జోడింపవలెను. ఏ ధాన్యమెంత పోయవలెనో చెప్పుటతోబాటు, అది యెవరి చేనిలో, ఎంతవానకు పండినదో కూడ చెప్పిననాడే యా రచన సమగ్రమగును.