ఎదురింటి చాకిరేవు

ఎవరి చేతి వంట తినుటకైనను వెనుదీయని వారు సైతము, విడిచిన బట్టలను ఎవరి చేతికి ఈయవలెనన్న ప్రశ్న ఎదురైనప్పుడు ఒకింత తటపటాయింతురు. జ్వరపడినవాని చెమట, పసిపాప కక్కిన పాలు, దాచి త్రాగిన సిగరెట్టు వాసన, జేబులో మరచిన తాకట్టు రసీదు, అల్లుడు వచ్చినాడని పరచిన కొత్త దుప్పటి, ఇట్లు ఇంటిలోని సమస్త విషయములను మూట విప్పినవారికి విన్నవించునది ఆ విడిచిన బట్టయే. ఇంతటి ఆంతరంగిక జ్ఞానమును మన పూర్వులు ఒక కులమునకు అప్పగించి, ఆ కులమువారికి తెలిసినది లోకమునకు తెలిసినట్లు కాదన్న కట్టుబాటును కూడ వెనువెంటనే కల్పించుకొని, నిశ్చింతగా నుండిరి. ఇప్పుడు ఆ మూటను, మనతో వరుసలు కలుపుకొని పిలుచుకొను పొరుగింటివారికి, ఫోనులో ధర చూచుకొని అప్పగించు కాలము వచ్చినది. ఆ పాత నిశ్చింతకు అక్కడనే భంగము కలిగినది.

మా బాలానగర్ మొదట బట్టలు మాయు ఊరేగాని బట్టలు ఉదుకు ఊరు కాదు. విమాన ఎలక్ట్రానిక్ పరికరముల కర్మాగారము, నేడు మూతపడిన ఐ.డి.పి.ఎల్. మందుల కర్మాగారము, 1968లో వెలసిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్, వీని నడుమ సందుసందునను అల్లుకొన్న లేతు షాపులు: వీనిలో పనిచేసి వచ్చినవాని చొక్కాకు ఇనుప రజనును కటింగ్ ఆయిలును పట్టి యుండును. ఈ ప్రక్కనే పారు కూకట్‌పల్లి నాలా కర్మాగారముల వ్యర్థములను మోసికొని హుస్సేన్‌సాగరమున కలియునదే గాని, అందు బట్ట జాడించు సాహసము ఎవరికిని లేదు. 2017 నవంబరులో మెట్రో రైలును, 2021 జూలైలో ఫ్లైఓవరును వచ్చిన పిమ్మట, మాదాపూరు గచ్చిబౌలి కొలువులకు పోవు పడుచువారు అద్దె కలిసివచ్చునని ఇటు చేరిరి. వారికి జీతము కలదు, తీరిక లేదు. లేతు కార్మికుల ఇండ్లలో ఆడవారికి పగటిపూట కొంత తీరిక కలదు, చేతిలో డబ్బాడదు. ఈ రెండు లోటుల నడుమ, వాయిదాల మీద కొన్న ఒక ఫ్రంట్ లోడ్ మిషనును నిలిపి, మా ఎదురింటి ఇల్లాలు, నేను వదినె యని పిలుచునామె, కిలో లెక్కన బట్టలుతికి మడతపెట్టి ఇచ్చుట మొదలుపెట్టినది. దీనికై ప్రత్యేకమైన యాప్ ఏదియు మా వీధిలో ఇంకను దిగలేదు. అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపే దుకాణము, ఫోన్‌పేయే గల్లాపెట్టె.

అమెరికాలో ఈ పని ఇదివరకే పెద్ద వ్యాపారమైనది. అచట బాల్టిమోర్ నగరమున సడ్‌షేర్ అను పేర పుట్టి, తరువాత పాప్లిన్ అని పేరు మార్చుకొన్న సంస్థ, ఇంటిలో మిషనున్న గృహిణులను, వృద్ధులను చేర్చుకొని, పౌను బట్టకు ఒక డాలరు చొప్పున ఇరుగుపొరుగువారి మురికిని వారికి పంచిపెట్టినది. అంతకుముందు 2013లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన వాషియో, పొరుగువారిని గాక పెద్ద లాండ్రీలను నమ్ముకొని, ఇంటింటికి బండ్లు నడిపి, 2016లో మూతపడెను. బట్టను దూరము మోయుటకైన ఖర్చు ఉదుకుటకైన ఖర్చును మింగివేయునని ఆ పెట్టుబడిదారులు ఆలస్యముగా గ్రహించియుందురు. ఎదురింటి గడపకు ఆ ఖర్చు లేదు గదా!

ఇంతకును ఉదుకుట యన్నది మిషను చేయు పని యని తలచుట ఉదుకనివారి భ్రమ. మా ప్రాంతపు బోరు నీటిలో కాల్షియము, మెగ్నీషియము లవణములు మెండు. ఆ నీటిలో సబ్బు నురుగక, తెట్టు కట్టి, నూలుపోగుల నడుమ చిక్కుకొని, తెల్లచొక్కాను కొలది ఉతుకులకే బూడిద వన్నెకు దింపును. అందుచే మా వదినె నల్లా వచ్చు దినమున తెల్లబట్టలను, బోరు నీటితో రంగుబట్టలను వేయును. లేతు షాపు చొక్కాలను తక్కిన వానితో ఎన్నడును కలుపదు. నూనె మరక మీద గిన్నెల సబ్బు రుద్ది, ఒక పూట నాననిచ్చి, తరువాతనే లోపలికి పంపును. ఇనుప రజను వలన పడిన త్రుప్పు మరకను చూచి బ్లీచింగు పోసినచో అది ఇంకను గాఢమగును. దానికి నిమ్మరసమును ఉప్పును రాచి ఎండలో పెట్టుటయే మందు. కాలరు ముందు, చేతి అంచు తరువాత, చంకలు పిమ్మట. జేబులు అన్నిటికంటె ముందు. ఈ క్రమమును ఆమెకు ఏ పుస్తకమును నేర్పలేదు.

ఆమెకు పూర్వము ఈ విద్య నేర్చినవారి పనితనము ఇంతకంటె లోతైనది. చవుటిమన్ను కలిపిన నీట బట్టలను ముంచి, బాన మీద పేర్చి, క్రింద మంట పెట్టి, ఆవిరి పోగుపోగునకు ఎక్కునట్లు ఉబ్బ వేయుట యనగా, క్షారమును వేడిమిని ఒక పాళమున కలుపు రసాయన శాస్త్రమే. నల్లజీడి పసరును సున్నముతో చేర్చి బట్ట అంచున పెట్టిన గుర్తు ఎన్ని ఉతుకులకును చెరగదు. ఊరిలోని ఇండ్లన్నిటి గుర్తులను ఒక్క చిట్టాయైన లేక తలలో మోసిన ఆ ధారణాశక్తికి అవధానములు జరిపించి సన్మానించిన వారెవ్వరును లేరు. నీలిమందు పాలు, గంజి చిక్కదనము చెప్పుటకంటె చేసి చూచుట మేలు. గాంధీమహాత్ముడు దక్షిణాఫ్రికాలో బారిస్టరుగా నుండి, చాకలి ఖర్చు భరింపలేక, తన కాలరును తానే ఉతికి గంజి పెట్టుకొనగా, ఆ గంజి కోర్టులో రాలుచుండుట చూచి తోటి న్యాయవాదులు నవ్విరని ఆయనయే ఆత్మకథలో వ్రాసికొనెను. ఆ తరువాత చేయి తిరిగి, గోఖలేగారి ఉత్తరీయమునకు, రానడేగారు బహూకరించినది గనుక ఆయన ప్రాణప్రదముగ చూచుకొనుదానికి, తానే ఇస్త్రీ చేసి మెప్పు పొందెను. బారిస్టరు ఉతికినచో అది ఆత్మకథలో ఒక అధ్యాయమైనది. రజకుడు ఉతికినచో కళ్లము వద్ద కొలిచిన మేర గింజలైనది, అవియైన దొరకని చోట వెట్టియైనది.

ఈ పనిలో ధర చెప్పు హక్కును, కాదను హక్కును చేయువారికి ఎన్నడు కలిగినవి యన్నదే నన్ను వేధించు ప్రశ్న. యాదృచ్ఛికమో కాదో గాని, ఈ ప్రశ్నకు సంబంధించిన కథలు రెండును నన్ను ఒకే ఊరికి కొనిపోవుచున్నవి. పాలకుర్తివాడని పెద్దలు చెప్పు పాల్కురికి సోమనాథుడు, పదమూడవ శతాబ్దిలో, బసవపురాణమున మడివాలు మాచయ్యను చిత్రించెను. శివభక్తుల వస్త్రములను దక్క అన్యుల వస్త్రములను ముట్టనని, రాజు ఆగ్రహించినను లక్ష్యపెట్టని చాకలి అతడు. ఏడు వందల యేండ్ల తరువాత, ఆ పాలకుర్తిలోనే చాకలి ఐలమ్మ, తాను కౌలుకు చేసికొన్న భూమి పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు దోచుకొన వచ్చినప్పుడు, సంఘమువారి అండతో ఎదిరించి, ధాన్యమును ఇల్లు చేర్చుకొనెను. ఆమె 1985 సెప్టెంబరు 10న కన్నుమూసెను. 2024లో కోఠీ మహిళా విశ్వవిద్యాలయమునకు ఆమె పేరు పెట్టిరి. అయినను, భక్తి యొక దన్నుగా నున్నప్పుడో, సంఘము వెన్ను కాచినప్పుడో దక్క, ఒంటరి చాకలి ‘ఈ మూట నేను పట్టను’ అన్న సందర్భము చరిత్రలో నాకు అరుదుగానే కనబడుచున్నది.

ఇక యాప్ సంగతి. ఇరుగుపొరుగుల పంపకము అను ముద్దుపేరు పెట్టుకొన్నను, ధరను కంపెనీ నిర్ణయించి, ఉతికినవారికి చుక్కలు వేయు అధికారమును మాసినవారికి ఇచ్చి, చుక్కలు తగ్గినవారికి పని ఆపివేయు ఏర్పాటు గలచోట పంచుకొన్నదేమియు లేదు, అది దళారీతనము. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి, ఇట్టి పనివారిని మన దేశమున మొదటిసారిగా నిర్వచించి పేరు పెట్టినది. మంచిదే గాని, పేరు పెట్టినంతనే వారికి ‘కాదు’ అను మాట రాదు. మా వదినె వాట్సాప్ వ్యాపారమునకు చట్టములో చోటు లేదు, చుక్కలును లేవు, ధర ఆమెదే. ఏదో ఒకనాడు ఏ యాప్ అయినను వచ్చి ఈమెను చేర్చుకొన్నచో గిరాకి పెరుగును, తన ధర తాను చెప్పు హక్కు మాత్రము పోవును.

మా వీధి మూలను ఇస్త్రీ బండి పెట్టుకొన్న రజకుడు దీనిని చూచి ఏమనుకొనుచున్నాడో యని నాకు సందేహముండెడిది. ఒకనాడు ఆతడే తీరికగా బొగ్గులు విసరుకొనుచు, “మేము ఉతికితె చాకలోళ్ళన్నరు సారూ, గిప్పుడు మిషన్ల ఏస్తె బిజినెస్ అంటున్రు,” అని నవ్వినాడు. ఆ నవ్వులో ఈర్ష్య లేదు గాని లెక్క ఉన్నది. 2021 ఏప్రిల్ నుండి ప్రభుత్వము రజకుల లాండ్రీలకు, ధోబీఘాట్లకు నెలకు 250 యూనిట్ల వరకు ఉచితముగా విద్యుత్తు ఇచ్చుచున్నది. మా వదినె మిషనుకు అది వర్తింపదు; వర్తింపవలెనని నేనును అనను. తరతరముల వెట్టికి అది వడ్డీలో వీసమైనను కాదు, దానికి ఎదురింటివారు పోటీపడుట న్యాయము కాదు. ఆమెకును ఆ సంగతి తెలియును. అందుచే ఉతికిన చొక్కాలన్నియు ఇస్త్రీకి ఆతని బండికే పోవును. కిలో ధర ఆమెది, ఇస్త్రీ ధర ఆతనిది. ఒకరి ధరలో మరియొకరు వేలు పెట్టరు.

క్రొత్తలో అలవాటుపడని మాకే కొంత ఇబ్బంది. మా ఇంటివారు మూట కట్టుటకు ముందు జేబులు వెదకి, చిరుగులు కుట్టి, మరీ మాసిన తువ్వాళ్ళను వెనుకకు దీసి ఉంచుకొందురు. రజకునికి ఇచ్చునాళ్ళలో ఈ జాగ్రత్త ఎవరికిని ఉండెడిది కాదు. సమానురాలి కంటబడునన్న సంకోచము మా మురికిని ముందుగనే కొంత వదల్చుచున్నది.

మొన్న చలి మొదలగుచుండగా ఆమె గ్రూపులో క్రొత్త నిబంధనలు పెట్టినది: రగ్గులు, బొంతలు తీసుకొనబడవు, లోదుస్తులు ఎవరివి వారే ఉతుకుకొనవలెను, ఆదివారము సెలవు, కిలోకు ధర కొంత పెరిగినది. హాస్టలు కుర్రవాడొకడు, ధర తగ్గించుమని, కూకట్‌పల్లిలో ఇంతకంటె చౌకగా చేయుదురని వ్రాసినాడు. “అట్లయితె ఆడనే ఇయ్యి తమ్మీ,” అని ఆమె జవాబు. రగ్గులు ఇప్పుడు ఫతేనగర్‌లో ఇస్త్రీ బండివాని బావమరది లాండ్రీకి పోవుచున్నవి. వానికి కిలో లెక్క లేదు, ఒక్కొక్క రగ్గుకు విడిగా ధర కట్టి, సగము ముందే పుచ్చుకొనుచున్నాడు.