బిగింపుకో లెక్కుంది

పంక్చర్ షాపులో చక్రం ఎక్కించాక కుర్రాడు వీల్ పానా మీద కాలేసి గట్టిగా ఓ తొక్కు తొక్కుతాడు. ఇక ఊడదులే అని చాలామందికి ధైర్యం వస్తుంది. నాకు భయం మొదలయ్యేది అక్కడే.

లెక్క కట్టి చూడండి. 60 కిలోల మనిషి 30 సెంటీమీటర్ల పానా చివర నిలబడితే నట్టు మీద పడే టార్క్, అంటే తిప్పే బలం, దాదాపు 176 న్యూటన్ మీటర్లు. చాలా టయోటా కార్లకు కంపెనీ చెప్పింది 103. ఫోక్స్‌వ్యాగన్ పోలోకైతే 120. ఇక ఎగిరి తొక్కితే ఆ బలానికి లెక్కే లేదు.

బిగించే కొద్దీ బోల్టు కంటికి కనిపించనంత సాగి, స్ప్రింగులా వెనక్కి లాగుతూ చక్రాన్ని దాని వెనకున్న హబ్‌కి అదిమిపెడుతుంది. బండి బరువునీ బ్రేకు తాకిడినీ మోసేది ఆ అదుములోంచి పుట్టే రాపిడే. బిగింపు చాలకపోతే చక్రం హబ్ మీద సన్నగా జరుగుతుంటుంది. అలాంటి అడ్డ కదలికలకు నట్లు వాటంతటవే వదులైపోతాయని 1969లో జర్మన్ ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ ప్రయోగాలు చేసి చూపించాడు. బిగింపు మితిమీరితే బోల్టు సాగిపోయి మళ్లీ మామూలు కాదు, మరలు పాడవుతాయి. ఒక నట్టు ఎక్కువ, ఒకటి తక్కువ బిగిస్తే బ్రేకు డిస్కు వంకరపోయి, బ్రేకేసినప్పుడల్లా స్టీరింగు వణుకుతుంది.

మనం పెట్టే బలంలో సుమారు పదో వంతే బోల్టును సాగదీస్తుంది. మిగతాదంతా రాపిడికే పోతుంది. మరలకు నూనె రాస్తే ఆ రాపిడి తగ్గి, అదే టార్క్‌కి బోల్టు మరీ ఎక్కువ సాగుతుంది. తుప్పు పడితే చాలినంత సాగదు. ఈ తేడా ఎంత అనుభవమున్న చేతికైనా అందదు. అందుకే మరలు శుభ్రంగా, పొడిగా ఉండాలి, చివరి బిగింపు టార్క్ రెంచ్‌తోనే జరగాలి.

నాకెంతో ఇష్టమైన పని ఇది. జాకీ మీద ఉండగానే నట్లన్నీ చేత్తో తిప్పి, చక్రం హబ్‌కి సరిగ్గా ఆనిందో లేదో చూసుకోవాలి. బండిని నేలకు దించాక ఎదురెదురు నట్లను విడతలవారీగా బిగించాలి. మనం పెట్టిన అంకెకు చేరి రెంచ్ క్లిక్‌మనగానే చెయ్యి ఆపెయ్యాలి. ఇంకో పట్టు పట్టాలనిపించినా పట్టకూడదు. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మరోసారి సరిచూడాలి.

ఆ నట్టును తర్వాత విప్పాల్సినవాళ్లు కూడా ఉంటారు. హైదరాబాద్–విజయవాడ దారిలో, సూర్యాపేట దాటాక, రాత్రిపూట టైరు పంక్చరైతే డిక్కీలోని చిన్న పానాతో కుస్తీ పట్టేది మీ అమ్మాయో, పెద్దవయసు నాన్నగారో కావచ్చు. ఎయిర్ గన్‌తో హద్దు లేకుండా బిగించిన నట్టు వాళ్లను నడిరోడ్డు మీద నిలబెట్టేస్తుంది. ఊడకుండా ఉండటం ఎంత ముఖ్యమో, అవసరానికి ఊడిరావడమూ అంతే ముఖ్యం.

ఈసారి టైర్ల షాపుకి వెళ్లినప్పుడు మీ కారు మాన్యువల్‌లోని అంకె రాసుకుని వెళ్లండి. ‘గన్‌తో పూర్తిగా బిగించకు తమ్ముడూ, చివర్లో టార్క్ రెంచ్ పట్టు’ అని నోరు తెరిచి అడగండి. అడిగేవాళ్లు పెరిగితే ప్రతి షాపు గోడకీ ఓ రెంచ్ వేలాడుతుంది.